దహనశీల బిగించినవా?

మా ఇంట్లో పొయ్యి పక్కన గోడకు ఒక ఇనుప పైపు, ఆ పైపుకు ఒక బోల్టు ఉండేవి. ఆ బోల్టు పేరు దహనశీల. ఆ పేరుతో బోల్టు లోకంలో ఇంకెక్కడా లేదని నాకు తొమ్మిదో తరగతిలో తెలిసింది. అప్పటిదాకా మా ఇంటిల్లిపాదీ దాన్ని అలాగే పిలిచాం. వంటయ్యాక నాయిన బర్రెల కొట్టంలోంచే కేకేసేవాడు, "దహనశీల బిగించినవా?" అని. "బిగించిన, బిగించిన" అనేది అమ్మ. ఆ పేరు పుట్టింది నా నోట్లోంచే.

మా ఊరు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ, తారురోడ్డు దిగి మట్టిబాట పట్టాక వస్తుంది. అవి తొంభైల నాటి రోజులు. నాయినది పాత బావుల్లో పూడిక తీసే పని. ఎండాకాలం వచ్చిందంటే ఇటు దేవరయాంజాల్ నుంచి అటు దుండిగల్ దాకా ఎవరి బావి అడుగంటినా నాయినకే కబురొచ్చేది. వానలు పడ్డాక ఆ పని ఉండదు కాబట్టి ఇంట్లో నాలుగు బర్రెలు ఉండేవి.

బావిలో దిగేముందు నాయిన ఒక పని మాత్రం తప్పేవాడు కాదు. కందీలు వెలిగించి, తాడు కట్టి, అడుగుదాకా మెల్లగా దింపేవాడు. దీపం నిలిచి వెలిగితే దిగేవాడు. వణికి ఆరిపోతే లోపల గాలి చెడ్డదన్నమాట. అప్పుడు బావి గలవాళ్లు ఎంత తొందరపెట్టినా, ఎంత గొణిగినా అడుగు పెట్టేవాడు కాదు. "మనిషన్నా అబద్ధం జెప్తడు గని దీపం జెప్పదు" అనేవాడు. సెలవుల్లో నేను వెంటపోయి గట్టు మీద కూర్చునేదాన్ని. దీపం కిందికి పోతుంటే ఆరిపోవాలి, ఆరిపోవాలి అని మొక్కుకునేదాన్ని. ఆరితే నాయిన దిగడు కదా! నా మొక్కులు దేవుడి దాకా పోయేవి కావు. దీపం చక్కగా వెలిగేది, నాయిన తలపాగా ఆ చీకట్లోకి దిగిపోయేది, మళ్లీ పైకి వచ్చేదాకా నేను గట్టు దిగేదాన్ని కాదు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మండలాఫీసు నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. కరెంటు దేశానికి చాలడం లేదట, కట్టెల కోసం అడవులు నరుక్కుపోతున్నామట, అందుకని సర్కారు ఊరూరా గోబర్ గ్యాసు కట్టిస్తుందట. కరెంటు చాలదన్న ముక్క మాకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా ఊళ్లో కరెంటు కొత్తల్లుడి లెక్క, ఎప్పుడొస్తుందో, ఎందుకు అలిగిపోతుందో ఎవరికీ తెలియదు. ఇటుక, సిమెంటు, మేస్త్రీ సర్కారువి. గుంత తవ్వేది మేము, పెండ మాది. మార్చి దాటకముందే ఊరికిన్ని గుంతలు చూపించాలని ఆయనకు పైనుంచి హుకుం. కాబట్టి ఎవరింట్లో నాలుగు బర్రెలు కనిపిస్తే వాళ్ల పేరు రాసుకుపోయాడు.

"పెండ మీద వండిన బువ్వ నేను ముట్ట" అని అవ్వ, అంటే నాయిన తల్లి, ఖరాఖండిగా చెప్పింది. "ఇన్నేండ్లు పిడకల మీద వండింది పెండ గాదా?" అని అమ్మ నవ్వింది. పెరట్లో గుంత తయారైంది. పైన ఇటుక గుమ్మటం, గుమ్మటం నెత్తిన మనిషి దూరేంత మూత, ఆ మూత చుట్టూ తడిమట్టి అద్దకం. ఒకవైపు తొట్టిలో పెండ, నీళ్లు కలిపి పోస్తే లోపల పులిసి గ్యాసు అవుతుంది. ఆ గ్యాసు పైపులోంచి పొయ్యికి వస్తుంది. మొదటిసారి నీలం మంట లేచినప్పుడు అమ్మ రెండు చేతులూ జోడించింది. కట్టెల పొగకు ఆమెకు అప్పటికే దగ్గు పట్టుకుంది. అవ్వ రెండు రోజులు బింకంగా కూర్చుని, మూడోనాడు ఆ పొయ్యి మీది చాయే తాగింది.

పోతూ పోతూ ఆఫీసరు ఒక కార్డు ఇచ్చాడు. పొయ్యి దగ్గర గోడకు కొట్టుకోవాలని, అందులో రాసినట్టు నడుచుకోవాలని చెప్పాడు. ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నిలబడి పాఠం అప్పజెప్పినట్టు చదివాను. "గుమ్మటమునందు దహన" అన్నచోట పంక్తి అయిపోయింది. నేను ఊపిరి తీసుకుని కింది పంక్తి అందుకున్నాను. "శీల వాయువు నిల్వ ఉండును. కావున లబ్ధిదారులు తగు జాగ్రత్తలు పాటించవలయును."

"శీలనా? సీల గావచ్చు" అన్నాడు నాయిన. బండికి సీల ఉంటుంది, మోటకు సీల ఉండేది, బావుల దగ్గర బతికిన మనిషికి సీల తెలియకుండా ఉంటుందా! "దహనమంటే కాలుడు. పొయ్యి కాడ కాలుతది గద, గాడున్న సీల. గదే దహన సీల. దాన్ని జర జాగ్రత్తగ సూస్కోమంటుండు."

అంతా సరిపోయింది. పైపుకు నిజంగానే ఒక బోల్టు ఉంది. అది వదులైతే గ్యాసు వాసన కొడుతుందని మేస్త్రీ కూడా చెప్పిపోయాడు. అవ్వకు మాత్రం ఆ పేరు నచ్చలేదు. "పొయ్యి కాడ దహనమేందే? గది కాట్ల, పీనుగుల కాడ అనే మాట" అంది. మేమంతా నవ్వాం. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను.

మూడేళ్లు నీలం మంట మీద బువ్వ ఉడికింది. అమ్మ దగ్గు తగ్గింది. ఆ తర్వాత మంట సన్నబడుతూ పసుపు రంగుకు తిరిగి, ఒక శివరాత్రి ముందు వారం పూర్తిగా ఆగిపోయింది. పెండతో పాటు గడ్డి, మట్టి లోపలికి పోయి గట్టిపడ్డాయని నాయిన అన్నాడు. మండలాఫీసుకు పోతే గుంత కట్టించే స్కీము ఉంది గానీ బాగుచేసే స్కీము లేదన్నారు. అమ్మ మళ్లీ కట్టెలు ఎత్తింది. ఆమెతో పాటు దగ్గూ తిరిగి వచ్చింది. ఈసారి దగ్గితే కళ్లల్లో నీళ్లు తిరిగి, గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది.

ఆ రోజుల్లోనే సర్కారు ఆడవాళ్లకు గ్యాసు సిలిండర్లు ఇస్తోందని తెలిసింది. అమ్మ పేరు రాయించడానికి నాయిన వెళ్లాడు. అక్కడ అదే ఆఫీసరు కాగితాలు తిప్పి, "మీకు గోబర్ గ్యాస్ ఉంది కదయ్యా. రికార్డులో నడుస్తున్నట్టు ఉంది. మీకు సిలిండరు రాదు" అన్నాడు. నడవడం లేదని నాయిన మొత్తుకున్నాడు. నడవడం లేదని రాస్తే తన మెడకు చుట్టుకుంటుందని ఆయన భయం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, అలా అయింది మా పని. నాయిన ఇంటికొచ్చి చెప్పులు విసిరేసి కూర్చున్నాడు.

"గుంతను నేనే సాఫు జేస్త. నేను దిగని గుంతనా?" అన్నాడు.

"గ్యాసుంటదేమో" అంది అమ్మ.

"పొయ్యి ఎలుగుతలేదంటే గ్యాసు లేనట్టే గదనే. గ్యాసు లేని గుంత ఉత్త గుంతనే. అయినా కందీలు దింపి సూడకుంట దిగుతనా?"

ఆ మాటలో నాకూ తప్పు కనిపించలేదు. నాయిన దీపాన్ని నేను దేవుడికంటే ఎక్కువ నమ్మేదాన్ని. మర్నాడు పొద్దున్నే అమ్మ తమ్ముడు, మా మామ, తాడు పట్టడానికి వచ్చాడు. ఇద్దరూ మూత చుట్టూ మట్టి గీకుతుంటే నేను సంచీ తగిలించుకుని పక్క ఊరి హైస్కూలుకు నడిచాను.

రెండో పీరియడు సైన్సు. సారు బోర్డు మీద "దహనశీల పదార్థములు" అని రాశారు. ఒకే ముక్కగా, మధ్యలో ఎక్కడా తెగకుండా రాశారు. మా బోల్టు పేరు బోర్డు మీద చూసి నాకు నవ్వొచ్చింది. సారు చదివించారు. నిప్పు సోకిన వెంటనే అంటుకునే గుణం గలవి. పెట్రోలు, కిరోసిను, గోబర్ గ్యాసు. ఇలాంటి గ్యాసు మూసిన చోట గాలితో కలిసి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, బాంబులా పేలుతుందని అన్నారు. పొయ్యి వెలగడానికి సరిపోని గ్యాసు కూడా పేలడానికి సరిపోతుందని అన్నారు.

నా నవ్వు మొహం మీదే ఎండిపోయింది. శీల అంటే సీల కాదు. గుణం. కార్డు మాకు బోల్టు గురించి చెప్పలేదు, గుమ్మటం గురించి చెప్పింది. దాన్ని రెండు ముక్కలు చేసి చదివింది నేను. ఆ గుమ్మటం మూత తీసి, అందులోకి వెలిగించిన దీపం దింపబోతున్నది మా నాయిన.

లేచి పరుగెత్తాను. సారు వెనక నుంచి ఏదో అరిచారు. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. మక్కచేను నడుమ నుంచి అడ్డంపడి పోయాను. ఎటూ చప్పుడు లేదు. చప్పుడు వినిపిస్తే అంతా అయిపోయినట్టే కదా అని, వినిపించకుండా రెండు చెవులూ మూసుకుని కొంతదూరం పరుగెత్తాను. అంత భయం నేను మళ్లీ పడలేదు. మళ్లీ ఆ పాత మొక్కే అందుకున్నాను. దేవుడా, దీపం వెలగకూడదు. అగ్గిపుల్ల తడిసిపోవాలి. కందీలులో నూనె ఉండకూడదు.

పెరట్లోకి వచ్చేసరికి కందీలు వెలుగుతోంది. తాడు మామ చేతిలో ఉంది. దీపం గుమ్మటం నోటికి ఒక జానెడు పైన ఊగుతోంది. అరిచి చెప్పే వ్యవధి లేదు. బర్రెల ముందు కుడితి బకెట్టు ఉంటే ఎత్తి దీపం మీద కుమ్మరించాను. అద్దం టప్పున పగిలింది, దీపం ఆరింది, కుడితంతా మామ మొహాన పడింది.

నాయిన నన్ను చెంప మీద కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. దిగేముందు దీపం ఆర్పడం చావు కోరడమే అని ఆయన లెక్క.

"దహనశీల అంటే సీల గాదు నాయినా!" అన్నాను ఏడుస్తూ. "అంటుకునేదని! గుంతల గ్యాసు అంటుకుంటదని! దీపం దింపితే పేలుతదంట, సారు జెప్పిండు. నేనే తప్పు సదివిన."

నాయిన ఇంట్లో కార్డున్న గోడ వైపు, తర్వాత తెరిచిన గుమ్మటం వైపు చూశాడు. నమ్మాడు. నేను కూలబడ్డాను. గండం గడిచిందనుకున్నాను.

"సరే, దీపం వద్దు" అన్నాడు. నడుముకు తాడు బిగించుకున్నాడు. "మూత పొద్దుగాలనే తెరిచినం. ఉన్న గాలి పోయే ఉంటది. ఉత్తగనే దిగుత."

ఒక కాలు గుమ్మటం నోట్లో పెట్టాడు.

ఇన్నేళ్లలో నాయిన దీపం లేకుండా ఏ బావిలోనూ దిగలేదు. ఆ దీపాన్ని ఆర్పింది నేను. ఒక చావును ఆపి ఇంకో చావుకు దారి చూపించాను. దిగవద్దని చెప్పడానికి నా దగ్గర ఏ పాఠమూ లేదు, సారు అంతవరకు చెప్పలేదు, కార్డులో అంతకంటే లేదు. "వద్దు నాయినా" అని మాత్రం అన్నాను. "గీడిదాక వచ్చి ఆగుతమా? మీ అమ్మ దగ్గు ఇంటలేవా?" అన్నాడు.

అప్పటిదాకా అరుగు మీద కూర్చున్న అవ్వ లేచి వచ్చింది. చంకలో ఆమె నల్లకోడి ఉంది, రోజు విడిచి రోజు గుడ్డుపెట్టేది. వచ్చి నాయిన నడుముకున్న తాడు పట్టుకుని గుంజింది.

"నువ్వు తర్వాత దిగు కొడుకా. ముందుగాల నా కోడి దిగుతది."

"కోడేందే అవ్వా!" అన్నాడు నాయిన.

"మీ తాత దినాల కందీళ్లు యాడియిరా మనకు? కోడినే దింపుదురు. కోడి కూత పెడితే మనిషి దిగుడు."

నాయిన విసుక్కుంటూనే కాలు బయటికి తీశాడు. కోడిని గంపలో పెట్టి, పైన వల కప్పి, తాడు కట్టి దింపారు. కోడి గొంతు చించుకుంది. గంప కిందికి పోతున్నకొద్దీ ఆ అరుపు పలచబడింది. మధ్యలో రెండుసార్లు రెక్కలు కొట్టుకున్న చప్పుడు వచ్చింది. తర్వాత ఏమీ లేదు.

"బెదిరినట్టుంది. అందుకే సప్పుడు జేస్తలేదు" అన్నాడు నాయిన.

గంప పైకి లాగారు. కోడి మెడ వలలోంచి పక్కకు వాలి ఉంది. ఎక్కడా రక్తం లేదు, దెబ్బ లేదు. అవ్వ దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని ఈకలు సవరించింది. నాయిన తాడు విప్పుకోబోయాడు. ముడి ఊడిరాలేదు. మామ వచ్చి విప్పాడు. నాయిన అక్కడే పెండలో కూర్చుండిపోయి, నా చెంప మీద తను కొట్టినచోట చేయి పెట్టి, ఏడ్చాడు. ఆ కోడిని ఎవరూ వండలేదు. కొట్టం వెనక పాతిపెట్టాం.

ఆ వారమే దూరం నుంచి పారలతో మట్టి విసిరి గుంత పూడ్చేశాం. తర్వాత ఆఫీసరు తనిఖీకి వచ్చి గగ్గోలు పెట్టాడు. సర్కారు కట్టించింది ఎలా పూడుస్తారని, సాఫు చేయించి నడిపించాలని అన్నాడు. "మీరు దిగుండ్రి సారూ, నేను తాడు పడ్త" అన్నాడు నాయిన నెమ్మదిగా. ఆఫీసరు గోడకున్న కార్డు చూపించి, ఇందులో రాసింది చదవలేదా అని అడిగాడు. "సదివినం సారూ. దినాం దహనశీల బిగించినం" అన్నాడు నాయిన. ఆఫీసరుకు అర్థం కాలేదు. రిజిస్టరులో నడుచుచున్నది అని రాసుకుని వెళ్లిపోయాడు. అమ్మకు సిలిండరు రావడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. నాయిన మళ్లీ బావుల్లో దిగాడు గానీ దీపంతో పాటు కోడిని కూడా దింపేవాడు. ఊళ్లో వాళ్లు పిరికోడయ్యాడని నవ్వేవారు. నవ్వనీ.

డిగ్రీ అయ్యాక నాకు కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి చాలా కాలమైంది. తుర్కపల్లి మందుల కంపెనీల క్యాబులు మా రోడ్డు మీద దుమ్ము రేపుతూ తిరుగుతున్నాయి. సర్కారు మళ్లీ సూర్యుడి కరెంటనీ పెండ గ్యాసనీ కొత్త పేర్లతో స్కీములు తెచ్చింది. ఊళ్లకు పోయి ఆడవాళ్లకు వాటి గురించి చెప్పడం నా పని. నాకంటే తగిన మనిషి దొరకదని నేనే అనుకున్నాను.

శామీర్‌పేట అవతల ఒక ఊళ్లో మొదటి మీటింగు. ఆ ఊళ్లో గోబర్ గ్యాసులు అప్పటికే నాలుగేళ్లుగా నడుస్తున్నాయి. ఆఫీసు వాళ్లు పంచమని ఇచ్చిన కార్డుల కట్ట అక్కడికక్కడ విప్పాను. కొత్త రంగులు, నున్నటి అట్ట. "గుమ్మటమునందు దహన" అని పంక్తి అయిపోయింది. "శీల వాయువు" అని కింది పంక్తి మొదలైంది.

ఆ కార్డు వాళ్ల ముందు నేల మీద పెట్టాను. ఎదురుగా కూర్చున్నవాళ్లను మెల్లగా అడిగాను. "గీ కార్డు మీ ఇండ్లల్ల ఇంతకుముందే ఉన్నదా?"

ఉందన్నారు.

"దహనశీల అంటే ఏందమ్మా?"

ముందు వరసలో ఒకామె నవ్వింది. పాప చంకలో ఉంది. "ఏముంది మేడం, గా పైపు కాడి సీల. దినాం బిగిస్తం."

పక్కనున్నవాళ్లు తలలూపారు.

"గుంత పనిజెయ్యకపోతే?"

"మా ఆయననే దిగి సాఫు జేస్తడు. మాది మంట సన్నబడ్డది, ఈ నెల జేస్తనన్నడు. కందీలు దింపి సూసినంకనే దిగుతడు లే, గంత పిచ్చోడేం గాదు."

మక్కచేను నడుమ మూసుకున్న చెవులు మళ్లీ మూతపడినట్టయింది. కార్డుల కట్ట కింద పెట్టేసి, నాకు తెలిసిన మాటల్లోనే చెప్పాను. "దీపం దింపితే పేలి సస్తరు. దీపం లేకుంట దిగితే ఊపిరాడక సస్తరు. ఎవ్వలు దిగొద్దు, ఏమైనా సరే దిగొద్దు." మా పెరట్లో జరిగింది చెప్పాను. కోడి సంగతీ చెప్పాను.

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఆమె పాపను గట్టిగా హత్తుకుని, కింద ఉన్న కార్డును చేతిలోకి తీసుకుంది. తర్వాత నన్ను అడిగింది.

"మరి గట్లనే రాయొచ్చు గద మేడం?"